చేపల నిద్ర : జవాబు పత్రములోని సున్న

గత సంవత్సరము మా కళాశాలలో ఇంటర్మీడియట్ తరగతిలో చేరిన ఒక విద్యార్థి తన హైస్కూలు పరీక్షకాగితము నొకదానిని భద్రముగా దాచుకొని తెచ్చి నాకు చూపెను. అందు ప్రశ్న ఇది: "చేపలు నిద్రించునా? కారణము తెల్పుము." దానికి రెండు మార్కులు. అతడు వ్రాసిన జవాబు: "నిద్రించును. మా యింటి గాజుతొట్టిలో తొమ్మిది రాత్రులు చూచితిని. పది గంటలు దాటిన తరువాత చేపలు అడుగునకు దిగి కదలక నిలిచినవి. గాజుపై వ్రేలితో తట్టినచో వెంటనే కదలలేదు. రెండు మూడు మారులు తట్టిన తరువాత కదలినవి." దీని ప్రక్కన ఎఱ్ఱసిరాతో సున్న. సున్న క్రింద, "రెప్పలు లేవు. కనుక నిద్ర లేదు" అని దిద్దినవారి వ్రాత.

ఆ రెండు మార్కులు పోయినందువలన అతని కేమియు నష్టము రాలేదు; మంచి మార్కులతోనే ఉత్తీర్ణుడైనాడు. దిద్దిన ఉపాధ్యాయుని నిందించుటయు నా ఉద్దేశము కాదు. ఒకేసారి వంద కాగితములు దిద్దవలసినవాడు చేతిలోని గైడు ఎట్లు చెప్పిన అట్లే దిద్దును. కాని తొమ్మిది రాత్రులు మేలుకొని చూచి వ్రాసినవానికి సున్న, చూడక వల్లించినవానికి రెండు మార్కులు అను లెక్క సైన్సు తరగతిలో చెల్లరాదు. కావున ఆ గైడు జవాబును, దానికి సరిగా ఎదురైన మరియొక గైడు జవాబును, వీనికి ఆధారముగా చెప్పబడు పరిశోధనలను కొంచెము నిదానముగా పరీక్షింతము.

మొదట రెప్పల మాట. మన భాషయే మనలను ఈ పొరపాటులోనికి దింపుచున్నదని నా అనుమానము. నిద్ర రాలేదనుటకు "కన్ను మూయలేదు", "రెప్ప వాల్చలేదు" అందుము. సంస్కృత నిఘంటువులలో "అనిమిష" శబ్దమునకు రెండర్థములు: దేవత యొకటి, చేప యొకటి. ఇద్దరికిని రెప్పపాటు లేదు. దేవతల సంగతి మనకు తెలియదు గాని, చేపకు రెప్ప లేకపోవుటకు కారణము చాల సామాన్యమైనది. నేలమీది జంతువునకు కన్ను ఎండిపోకుండ, దుమ్ము పడకుండ తడిపి తుడుచుట రెప్ప పని. నీటిలో నుండు కంటిని తడుపుటకు వేరొక సాధన మెందులకు? రెప్ప కంటికి కాపలా. నిద్ర మెదడు పని. ఈ రెండును మనలో ఒకేసారి జరుగుచున్నవి గనుక ఒకదానికి రెండవది గుర్తయినది. అంతమాత్రమున గుర్తు లేనిచోట వస్తువు లేదనరాదు. పాముకును కదలు రెప్పలు లేవు. కంటిమీద పారదర్శకమైన పొలుసు మాత్రమే కలదు. అయినను పాము నిద్రించదని ఏ గైడును వ్రాయలేదు.

ఈ వాదమును పూర్తిగా పడగొట్టునది మెక్సికో దేశపు గుహలలోని ఒక చిన్న చేప. ఆస్టియనాక్స్ అను ఈ జాతిలో నదులలో నుండు చేపలకు కన్నులు కలవు. చీకటి గుహలలో తరతరములుగా చిక్కుకొన్నవానికి కన్నులే నశించినవి. 2011లో దుబూయే, కీన్, బొరోవ్‌స్కీ అను శాస్త్రజ్ఞులు మూడు వేర్వేరు గుహల చేపలను నది చేపలతో పోల్చి చూచిరి. గుహచేపలు నది చేపలకంటె ఎంతో తక్కువగా నిద్రించినవి. నిద్ర తగ్గుట వేర్వేరు గుహలలో వేర్వేరుగా ఏర్పడినట్లును తోచినది. తగ్గినది గాని నిద్ర బొత్తిగా పోలేదు. కన్నే లేనిదానికి రెప్పయెక్కడిది? అదియును నిద్రించుచునే యున్నది. ఒకే జాతి చేపలలో కొన్ని ఎక్కువగా, కొన్ని తక్కువగా నిద్రించుచుండగా "చేపలకు నిద్ర కలదా లేదా" అని ఒక్క మాటలో అడుగుటయే ఎంత తొందరపాటో కూడ ఇందువలన తెలియుచున్నది.

ఇది క్రొత్తగా వచ్చిన బుద్ధి యేమియు కాదు. రెండువేల మూడువందల యేండ్లనాడు అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథములో రెప్పలు లేకున్నను చేపలు నిద్రించునని స్పష్టముగా వ్రాసెను. ఆయన చూపిన ఆధారములు నేటివారు కూడ మెచ్చదగినవి: అవి తోకను మాత్రము కొంచెముగా కదలించుచు నిశ్చలముగా నుండును; అట్టి సమయమున త్రిశూలముతో పొడుచుటకు, చేతితో పట్టుటకు కూడ వీలగును; కదిలించినచో నిద్ర మేల్కొన్నట్లు ఉలికిపడి పోవును. రాత్రి కదలక పడియున్న చేపలను సముద్రపు పేల వంటి చిన్న జీవులు కొఱుకునని కూడ ఆయన వ్రాసెను. ఈ కడపటి మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను; మరల దానితో పని పడును.

ఇక రెండవ అభ్యంతరము మొదటిదానికంటె గంభీరముగా కనబడును. 1929లో హాన్స్ బెర్గర్ మనుష్యుని తలమీది నుండి మెదడు విద్యుత్తరంగములను గుర్తించినట్లు ప్రకటించిన తరువాత, నిద్ర యనగా ఆ తరంగములలో కలుగు మార్పే యను అభిప్రాయము బలపడెను. 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను వారు నిద్రలో కనుగ్రుడ్లు వడివడిగా కదలు దశను కనుగొనిరి. అప్పటినుండి గాఢనిద్రకు నెమ్మదియైన పెద్ద తరంగములు, కలల నిద్రకు చురుకైన తరంగములు అను విభాగము పాఠ్యగ్రంథముల కెక్కినది. చేపలో ఈ తరంగములు ఈ రూపమున కనబడవు. కావున చేపది నిద్ర కాదు, "విశ్రాంతి" మాత్రమే యని కొందరు తీర్మానించిరి. నేటికిని అనేక పుస్తకములలో ఈ "విశ్రాంతి" అను మాటయే నడచుచున్నది.

ఇందలి లోపము సూక్ష్మమైనది. ఆ నెమ్మది తరంగములు మనకు పుట్టునది పొరలు పొరలుగా నున్న మస్తిష్క వల్కలములో. చేపకు అట్టి వల్కలము లేదు. లేని చోట పుట్టవలసిన తరంగము లేదని చెప్పి నిద్రయే లేదనుట, రెప్ప లేదు గనుక నిద్ర లేదనుటకు భిన్నమైన వాదము కాదు. రెప్పకు బదులు వల్కలము వచ్చినది, అంతే. ఈ మాటను విద్యుద్యంత్రము పలికినందున శాస్త్రీయముగా తోచినది.

మరి నిద్రను ఎట్లు గుర్తింపవలెను? ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హాన్రీ పియెరాన్ 1913లో నిద్రను గూర్చి ప్రకటించిన గ్రంథము నుండి మొదలుకొని క్రమముగా ఏర్పడిన కొలతలు కొన్ని యున్నవి. జంతువు తనకు సహజమైన ఒక భంగిమలో, తరచుగా ఒక తావున, కదలిక మానవలెను. అప్పుడు మామూలు కదిలింపునకు అది పలుకరాదు, పలికించుటకు ఎక్కువ బలము కావలెను. గట్టిగా కదిలించినచో వెంటనే మామూలు స్థితికి రావలెను. రానిచో అది మూర్ఛ గాని, చలికి కలిగిన స్తబ్ధత గాని కావచ్చును. చివరిది అన్నిటికంటె ముఖ్యము: ఆ విశ్రాంతిని చెడగొట్టినచో తరువాత ఎక్కువగా నిద్రించి బాకీ తీర్చుకొనవలెను. ఊరక కదలకుండుటకును నిద్రకును భేదము ఈ బాకీయే. రైలులో రాత్రియంతయు నిలుచుండి ప్రయాణము చేసినవానికి మరునాడు ఏమగునో మనకందరకు తెలియును.

ఈ కొలతలతో చూచినచో చేపలు ఎట్లు నెగ్గినవి? 1976లో షాపిరో, హెప్‌బర్న్ అను వారు గుంపులుగా తిరుగు తిలాపియా చేపను పరీక్షించిరి. ఇది ఆఫ్రికానుండి వచ్చినది. మన దేశమునకు 1952లో తెచ్చిరి, ఇప్పుడు మన చెరువులలో అడుగడుగునను కలదు. రాత్రులందు అవి అడుగున నిలిచి, శ్వాస తగ్గించి, కన్నులు కదల్చక యుండెను. మేత వేసినను, స్వల్ప విద్యుత్తును సోకించినను పగటివలె త్వరగా పలుకలేదు. 1985లో జూరిక్ నగరమున ఐరీన్ టోబ్లర్, అలెగ్జాండర్ బోర్బెలీ అను వారు రాత్రి దీపములు వెలిగించి చేపల విశ్రాంతిని చెడగొట్టిరి. తరువాత ఆ చేపలు మామూలుకంటె తక్కువ కదలినవి. అనగా బాకీ తీర్చుకొన్నవి.

ఆ తరువాతి కథ చాలవరకు జీబ్రాచేపది. చారలుగల ఈ వ్రేలెడు చేప మన దేశపుదే. గంగానది చేపలను గూర్చి 1822లో గ్రంథము ప్రకటించిన ఫ్రాన్సిస్ హామిల్టన్ దీనిని మొదట వర్ణించెను. నేడు ప్రపంచమందలి పరిశోధనాలయములన్నిటను ఇది పెరుగుచున్నది. దీని పిల్లలు గాజువలె పారదర్శకముగా నుండుటయే ఇందుకు ముఖ్యకారణము. 2001లో ఇరీనా ఝ్దానోవా, ఆమె తోటివారు ఈ పిల్లలకు మెలటోనిన్ అను హార్మోను నిచ్చి చూడగా కదలిక తగ్గి, కదిలించుటకు ఎక్కువ బలము కావలసి వచ్చెను. మనకు రాత్రి చీకటిలో ఊరు హార్మోను ఇదియే.

2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునుండి యోకొగావా మొదలగువారు ప్రకటించిన వ్యాసము నాకు వీనిలో అన్నిటికంటె నచ్చినది. ఇష్టము రెండు కారణములచేత. జీబ్రాచేప తోక వ్రేలవేసి, తొట్టి అడుగున గాని నీటి పైభాగమున గాని నిలిచి నిద్రించునని, నిద్ర చెడగొట్టినచో చీకటిలో బాకీ తీర్చుకొనునని వారు చూపిరి. మనుష్యులలో హైపోక్రెటిన్ అను మెదడు రసము లోపించినచో పట్టపగలు ఉన్నట్టుండి నిద్రలో పడు జబ్బు వచ్చును. ఈ రసమును గ్రహించు జన్యువు చెడిన చేపలలో పగటినిద్ర కాక, రాత్రినిద్ర తగ్గి ముక్కలు ముక్కలగుట కనబడెను. చేపను చిన్న మనుష్యునిగా భావించువారికి ఇది మంచి హెచ్చరిక. రెండవ కారణము వారి నిజాయితీ. చేపలను ఎడతెగని వెలుతురులో ఉంచినప్పుడు అవి నిద్రను దాదాపు పూర్తిగా మానివేసినవి. తిరిగి చీకటి చేసినప్పుడు బాకీ తీర్చుకొనలేదు. తమ సిద్ధాంతమునకు ఇబ్బంది కలిగించు ఈ ఫలితమును వారు దాచక ప్రకటించిరి.

ఈ ఇబ్బందిని మనము తేలికగా దాటరాదు. నిద్రకు ముఖ్యమైన గుర్తు బాకీ తీర్చుకొనుటయే యని ఇంతకుముందే చెప్పితిని. విద్యుత్తుతో చెడగొట్టినప్పుడు బాకీ కలదు, వెలుతురుతో చెడగొట్టినప్పుడు లేదు. దీనికి రెండు అర్థములు చెప్పవచ్చును. వెలుతురు నిద్రను మాత్రమే కాక నిద్ర యవసరమును కూడ ఆపుచుండవచ్చును. లేక కదలుచున్నట్లు కనబడు చేపలు మనము గుర్తింపలేని ఏదో రీతిగా విశ్రాంతి పొందుచుండవచ్చును. జూరిక్ చేపలు వెలుతురు తరువాత కూడ బాకీ తీర్చుకొన్నవి గదా! అవి వేరు జాతులు. వెలుతురు పెట్టినది కొన్ని గంటలే. నా మట్టుకు మొదటి అర్థమే బలముగా తోచుచున్నది. ఏది యెట్లున్నను, "చేపలు మనవలెనే నిద్రించును, కన్నులు మాత్రము తెరచియుంచును" అని వ్రాయు రెండవ గైడు కూడ తప్పు చెప్పుచున్నదని దీనివలన తేలినది.

ఇంకొక లోపమును గూర్చి కూడ చెప్పవలెను. ఇప్పుడు అనేక పరిశోధనాలయములలో చేపపిల్లలను చిన్న చిన్న గుంటలలో ఉంచి కెమెరాతో చూతురు. ఒక నిమిషము కదలని పిల్లను యంత్రము "నిద్ర" అని లెక్క వ్రాయును. నిమిషము కదలనిచో కదిలించుటకు ఎక్కువ బలము కావలెనని మొదట పరీక్షించియే ఈ లెక్క పెట్టిరి, నిజమే. కాని తరువాతి వారందరు ఆ పరీక్షను మరల చేయకయే నిమిషములను కూడుచుందురు. భయపడిన చేపయు కదలదు. జబ్బుపడిన చేపయు కదలదు. క్రొత్త మందును, క్రొత్త జన్యుమార్పును పరీక్షించుచున్నప్పుడు తట్టి చూడక నిద్ర యని వ్రాయుట మన పరీక్షకాగితము దిద్దుటవంటిదే.

2019లో "నేచర్" పత్రికలో ల్యూంగ్, మురేన్ మొదలగువారి వ్యాసము వచ్చినప్పుడు వార్తాపత్రికలు కొన్ని చేపలు కలలు కనుచున్నట్లే వ్రాసినవి. వ్యాసములో నున్నది వేరు. నిద్రించు జీబ్రాచేప పిల్లల మెదడులోని నాడీకణములు చురుకుగా పనిచేయునప్పుడు వెలుగునట్లు జన్యుపరముగా ఏర్పరచి, ఆ వెలుగును సూక్ష్మదర్శినితో చూచిరి. దానితోపాటు గుండెను, కండరములను, కన్నులను గమనించిరి. రెండు విధములైన నిద్ర కనబడెను. ఒకదానిలో నాడీకణములు ఒక్కటై నెమ్మదిగా వెలిగి ఆరుచుండెను. ఇది మన గాఢనిద్రను పోలినది. రెండవదానిలో ఒక అల మెదడు గుండ సాగిపోయెను, కండరములు వదులయ్యెను, గుండె వేగము మారెను. ఇది మన కలల నిద్రను కొంత పోలినది. కాని కనుగ్రుడ్లు కదలలేదు. ఏ కదలికవలన ఆ దశకు పేరు వచ్చినదో ఆ కదలికయే ఇందులో లేదు. మనకును చేపకును ఉమ్మడి పూర్వజంతువులు జీవించినది 45 కోట్ల సంవత్సరములకు పూర్వము గనుక, నిద్ర మూలములు అంత పురాతనమై యుండవచ్చునని వారి భావము.

ఇది గొప్ప పని. వల్కలము లేనందున నిద్ర లేదను వాదమును ఇది తుదముట్ట కొట్టివేసినది. అయినను చేపపిల్లను కదలకుండ అగరు జిగురులో బిగించి చూచిన పరీక్ష యిది. నిద్రమందులు కూడ కొన్నిటిలో వాడిరి. స్వేచ్ఛగా ఈదు చేప రాత్రియందు ఏమి చేయునో చెప్పుటకు ఇది యొక్కటే చాలదు. కలలమాట యైతే వారిది కాదు, పత్రికలవారిది.

పరిశోధనాలయమునుండి సముద్రమునకు పోయినచో మరి కొన్ని చిక్కులు, మరి కొన్ని అందములు కలవు. పగడపు దిబ్బలలోని చిలుకచేపలు కొన్ని రాత్రి నిద్రకు ముందు నోటినుండి జిగురు ఊరించి తమ చుట్టు పారదర్శకమైన గూడు కట్టుకొనును. వాసన పొక్కి మొరే అను పాముచేప రాకుండుటకే యని 1959లో విన్, బార్డాక్ అనువారు సూచించిరి. 2011లో గ్రట్టర్, ఆమె తోటివారు ఆస్ట్రేలియాలోని లిజర్డ్ ద్వీపమున ఇంకొక పరీక్ష చేసిరి. గూడు తీసివేసిన చేపలను, గూటిలోని చేపలను రక్తము పీల్చు చిన్న జలకీటకముల మధ్య ఉంచగా, గూడు లేనివానిలో పదింట తొమ్మిదికి పైగా కాటుపడినవి. గూడు కలవానిలో పదింట ఒకటి మాత్రమే. వారు దానికి సముద్రపు దోమతెర యని పేరు పెట్టిరి. అరిస్టాటిల్ చెప్పిన సముద్రపు పేలు ఇవియే కాకున్నను వీని చుట్టములే కావచ్చును.

షార్కుల విషయము గట్టి చిక్కు. కొన్ని జాతులు ముందునకు ఈదినగాని మొప్పలలోనికి నీరు రాదు, ఆగినచో ఊపిరాడదు. అట్టివి నిద్రించునెట్లు? ఎడతెగక ఈదు చేపలకు, ముఖ్యముగా గుంపులుగా సంచరించువానికి, నిద్రయే అవసరము లేదని 1998లో లీ కవనౌ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వాదించెను. చూచి నేర్చుకొనవలసినది వానికి తక్కువ గనుక మెదడునకు రాత్రి మరమ్మతు అక్కరలేదని ఆయన తర్కము. వ్యాసము చదువుటకు రుచిగా నున్నది. కాని ఈత ఆగలేదు గనుక నిద్ర లేదనుటలో, ఈత కంతకును మెదడు మేలుకొని యుండవలెనను ఊహ దాగియున్నది. 1936లోనే జేమ్స్ గ్రే, సాండ్ అనువారు కుక్కచేపలో మెదడుతో సంబంధము తెంచినను వెన్నుపాము తనంతట తాను ఈత కదలికలను నడపుచుండుట చూపిరి. ఈదుచున్న షార్కు నిద్రించునని దీనివలన ఋజువు కాదు. నిద్రించజాలదను వాదము మాత్రము నిలువదు.

ఆగి నిలువగల షార్కుల సంగతి కొంత తేలినది. న్యూజీలండ్ సముద్రపు చదరంగపు షార్కును మైకేల్ కెల్లీ మొదలగువారు పరీక్షించి 2022లో ప్రకటించిరి. అయిదు నిమిషములకు మించి కదలక, శరీరమును అడుగున బల్లపరుపుగా వాల్చినప్పుడు అది పీల్చు ప్రాణవాయువు తగ్గెను. మరి కన్నులో? ఈ జాతికి కన్ను మూయగల శక్తి కలదు. అయినను నిద్రలో చాలసార్లు తెరచియే యుండెను; పగటి వెలుతురులో మాత్రము ఎక్కువగా మూసెను. రెప్ప యున్న చేపయు నిద్రకై రెప్ప వేయలేదు! మన గైడుకు ఇంతకంటె చక్కని జవాబు లేదు.

చేపజాతులు 30,000 పైబడి యున్నవి. వీనిలో నిద్రకొలతలన్నియు వేసి చూచినవి వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. కావున పరీక్షలో వ్రాయదగిన జవాబు, నా అభిప్రాయమున, ఇది: "పరీక్షించిన చేపలలో చాలవాటికి నిద్ర కలదు. రెప్ప లేకపోవుట దానికి అడ్డు కాదు. నిద్ర ఎంత, ఎప్పుడు, ఏ రీతిగా అనునది జాతినిబట్టి మారును." జల్ల, వాలుగ వంటి మీసముల చేపలు రాత్రి మేతకు తిరుగును గనుక వానిని రాత్రి చూచి నిద్ర లేదనరాదని కూడ చేర్చినవానికి నేనైతే మూడు మార్కు లిత్తును, ఉన్నవి రెండే అయినను.

ఇక ఆ విద్యార్థి కాగితము. అతనికి సున్న అన్యాయమని చెప్పితిని. పూర్తి మార్కులు కూడ నేను వేయలేదు. ఒకటిన్నర వేసి కారణము చెప్పితిని. రాత్రి రెండు మూడు మారులు తట్టిన గాని కదలలేదని వ్రాసినాడు, మంచిదే. పగలు ఎన్ని మారులు తట్టిన కదలును? అది వ్రాయలేదు. అడిగితే, పగలు తట్టలేదన్నాడు. పోల్చుటకు రెండవది లేనిచో మొదటిదానికి అర్థము లేదు. వ్రేలితో తట్టుటలో బలము ఒకమారు ఎక్కువ, ఒకమారు తక్కువ కావచ్చును గనుక, దారమునకు చిన్న గోలీని కట్టి ఒకే దూరమునుండి విడిచి గాజును తాకించుమని చెప్పితిని. చూచునప్పుడు పెద్ద దీపము వెలిగింపక, టార్చికి ఎఱ్ఱకాగితము చుట్టి దూరమునుండి చూడవలెననియు, పగలు పది మారులు, రాత్రి పది మారులు ఒకే చేపను కాక అన్నిటిని గమనించి వ్రాయవలెననియు చెప్పితిని. విద్యుత్తు జోలికి పోరాదని రెండుమారులు హెచ్చరించితిని.

దసరా సెలవులలో చేసెదనన్నాడు. సెలవుల తరువాత నోటుపుస్తకము తెచ్చినాడు. పగటి పుట నిండినది. రాత్రి పుటలో నాలుగు రాత్రుల అంకెలే యున్నవి. అయిదవ రాత్రి వాళ్ల నాయనమ్మ గోలీ చప్పుడునకు తనకే నిద్ర పట్టుటలేదని దారమును తెంపివేసినదట.